పడుకోబెట్టిన బండి

సముద్రం తీసుకున్నది తిరిగి ఇవ్వదని మంచినీళ్ళపేటలో ఎవరూ అనరు. ఇస్తుంది, అడిగినప్పుడు మాత్రం ఇవ్వదు. ఆ ఏడు వానలు వెనుకపట్టాక ఒడ్డు కోసుకుపోయింది. సరుగుడు తోట కింది ఇసుక దిబ్బ సగానికి విరిగింది. విరిగిన చోట ఒక ఇనుప కొమ్ము పైకి తేలింది. వల లాగుతున్నవాళ్ళు దాన్ని లంగరనుకున్నారు. తవ్వితే రెండో కొమ్ము, కొమ్ముల నడుమ పగిలిన దీపం, దీపం వెనుక తుప్పు తినగా మిగిలిన మోటారు సైకిలు.

"బావా, మీ మావ బండి తేలింది," అని సుమన్ వచ్చి చెప్పేసరికి గోవిందు ఇంటి పంచలో ఎవరిదో బండికి క్లచ్ ప్లేట్లు మారుస్తున్నాడు. సుమన్ అతని భార్య రాణికి చిన్నాన్న కొడుకు. నోటికి తాళం లేని మనిషి. "ఏటలా సూత్తన్నావు? నడు. నీకు పడవెక్కితే కడుపు తిప్పుద్ది గాని, ఇది నేల మీదే ఉంది."

ఊరంతా నవ్వుకునే మాట అది. గోవిందు పుట్టింది చేపల వేట చేసే కుటుంబంలోనే అయినా, పెరిగింది కోటబొమ్మాళిలో, రహదారి పక్క షెడ్లలో, గ్రీజు వాసనలో. రాణిని చేసుకుని ఈ ఊరు వచ్చాక ఇంటి పంచనే షెడ్డుగా మార్చుకున్నాడు. మామ బైరాగిని అతడు కళ్ళారా చూడలేదు. పెళ్ళినాటికే ఆయన లేడు. గోడ మీద పటంగా, అత్త నిట్టూర్పుగా, రాణి మౌనంగా మాత్రమే ఆయన అతనికి తెలుసు.

తోపుడు బండి మీద ఆ ఇనుమును ఇంటి ముందుకు తెచ్చేసరికి రాణి చేపల గంప దించుతోంది. చూసింది. గంపను నేలకు ఆనించి, చేతులు కడుక్కుని, చీర కొంగుతో తుడుచుకుని, అప్పుడు అంది:

"దాన్ని గుమ్మం లోపలికి తేకు మావా."

"ఇంజను ఒక్కసారి ఇప్పి సూత్తాను."

"సూసి ఏటి సేత్తావు? మా అయ్యని మింగిన బండి అది. పూండి నుంచి పాత ఇనుమోడు అమాసకి వత్తాడు. అంతవరకే. ఆ తర్వాత నా కంటికి కనిపించకూడదు."

ఆమె కోపం గోవిందుకు కొత్త కాదు. దాని వేరు తిత్లీ తుఫాను నాటి సాయంత్రంలో ఉంది. ఆ రోజు మధ్యాహ్నం దాకా బైరాగి ఈ రాజదూత్ మీదే తిరిగాడు. పూండిలో చేపలు దించి దీని మీదే ఇంటికి వచ్చాడు. గాలి ముదురుతోంది. ఊరు మూటలు కట్టుకుని తుఫాను షెల్టరుకు కదిలింది. బైరాగి మాత్రం బండిని తోసుకుంటూ పడవలున్న వైపు వెళ్ళాడు. రాణి వెంటపడి అరిచింది: "అయ్యా, నీకు బండి కావాలా, మేం కావాలా?" ఆయన వెనక్కి తిరగకుండానే చెయ్యి ఊపాడు. "వత్తాను, నడండి."

ఆయన ఎప్పుడూ చెప్పే మాటే అది. అన్నానికి పిలిచినా అదే, పెళ్ళికి పిలిచినా అదే. ఆయన వచ్చేసరికి కూర చల్లారేది, తలంబ్రాలు ముగిసేవి. ఆ రాత్రి మాత్రం ఆయన రాలేదు. తుఫాను వెళ్ళాక భావనపాడు వైపు ఒడ్డున దొరికాడు. బండి దొరకలేదు. బండెక్కి ఒడ్డు దారిన పోయుంటాడనీ, దారిలో అల కొట్టేసి ఉంటుందనీ ఊరు తీర్మానించింది. రాణి ఆ తీర్మానాన్ని గుండెలో పెట్టుకుంది. అయ్య తన ప్రశ్నకు జవాబు చెప్పాడు, బండే కావాలన్నాడు.

ఆ జవాబును మార్చగలనని గోవిందు అనుకోలేదు. అతనికి కావలసింది చిన్నది: ఆ ఇంజనుకు మళ్ళీ ఊపిరి వస్తే, వెనుక చేపల పెట్టె అమరిస్తే, రాణి తల మీది గంప దిగుతుంది. అయితే ఈ మాట ఆమెతో అనే ధైర్యం లేదు. అందుకని స్పానరు తీశాడు.

చక్రాలు చేత్తో ముట్టుకుంటే పొరలు పొరలుగా రాలాయి. చాసీ చిల్లులు పడి జల్లెడయింది. సైలెన్సరు గొట్టం ఎండిన రొట్టెలా విరిగింది. కాని గొట్టం విరిగిన చోట, ఇంజను నుంచి పొగ వెలువడే నోట్లో, నల్లటి ముద్ద ఒకటి బిగుసుకుని ఉంది. కాలిన నూనె పేరుకుపోయిందనుకున్నాడు గోవిందు. పాత బండ్లకు అది మామూలే. స్క్రూడ్రైవరుతో పైపెచ్చు పగలగొట్టాడు. లోపల మెత్తగా, జిగటగా, పీచుపీచుగా తగిలింది. వేళ్ళు పెట్టి లాగాడు. వచ్చినంత వచ్చింది. చేతులు కిరసనాయిలుతో కడుక్కుని భోజనానికి లేచాడు.

మర్నాటికి అతని అరచేయి పొంగింది. వేళ్ళ సందుల్లో బొబ్బలు లేచాయి; చర్మం మంట పెట్టింది, మంట మణికట్టు దాకా పాకింది. స్పానరు పట్టుకోలేక పంచలో చేతులు చాచి కూర్చుంటే, అత్త దేముడమ్మ కొబ్బరినూనె గిన్నెతో వచ్చింది. ఆ చేతిని వెలుగుకేసి తిప్పి చూసింది. రాస్తున్న వేలు ఆగిపోయింది.

"ఏటి ముట్టుకున్నావు బాబూ?"

"ఏటీ లేదత్తా. ఇంజను మసి."

"మసి ఇలా పొక్కుద్దేటి? పలాసలో జీడిపిక్కలు కొట్టిన సెయ్యి నాది. జీడి కాటు నాకు నువ్వు సెప్పాలా?" ఆమె గొంతు తగ్గింది. "ఆ మసి ఎక్కడుంది? సూపించు."

పీచు ముద్ద గోడ వారన పడి ఉంది. దేముడమ్మ దాన్ని పుల్లతో విప్పింది. కొబ్బరి పీచు. జీడి నూనెలో నానిన కొబ్బరి పీచు. దాని చుట్టూ వల దారం, మూడు చుట్లు, ఒక ముడి. ఆమె నేల మీద కూర్చుని పుల్లతోనే ఆ ముడిని తడిమింది.

"అత్తా?"

"పడుకోబెట్టినాడు," అంది దేముడమ్మ.

గోవిందుకు అర్థం కాలేదు. ఆమె చెప్పింది. ఏటా ఎండాకాలంలో చేపల వేట నిషేధం వచ్చినప్పుడు, ఇప్పుడంటే అందరూ బోటు ఇంజను మీద టార్పాలిను కప్పి ఊరుకుంటున్నారు. బైరాగి అలా కాదు. ఇంజను కడుపులోకి నూనె పోసేవాడు. ఆ నూనె అంతటా పాకేలా చేత్తో తిప్పేవాడు. గాలి పీల్చే నోరూ పొగ వదిలే నోరూ జీడి నూనెలో తడిపిన పీచుతో మూసి దారం చుట్టేవాడు. జీడి వాసనకు పురుగు రాదు, ఉప్పు రాదు. ఇంజను ఆగిందనో చచ్చిందనో ఆయన ముందు ఎవరైనా అంటే ఊరుకునేవాడు కాడు. పడుకుంది అనాలి. పడుకోబెట్టాం అనాలి.

"ఎందుకలాగ?"

"సచ్చినదాన్ని ఎవులైనా వదిలేత్తారు బాబూ. పడుకోబెట్టినదాన్ని మళ్ళీ వచ్చి లేపాల గదా. లేపుదామనుకున్నోడే పడుకోబెడతాడు."

గోవిందు ఇంజను వైపు తిరిగాడు. మధ్యాహ్నం దాకా నడిచిన బండి. ఆ సాయంత్రమే దాని నోళ్ళు మూశాడు మామ. నోళ్ళు మూసిన బండి ఒక్క అడుగైనా నడవదు. అంటే ఆయన బండెక్కి ఎక్కడికీ పోలేదు. దిబ్బ చాటున బండిని పడుకోబెట్టి, కాలినడకన బయలుదేరాడు. అందరూ ఎటు వెళ్ళారో అటే, షెల్టరు వైపు.

"రాణీ," అని పిలిచాడు. మళ్ళీ పిలిచాడు.

ఆమె వచ్చింది. తల్లి ముఖం చూసింది, పీచు చూసింది, దారం ముడి చూసింది. ఆ ముడి ఎవరిదో ఆమెకు చెప్పవలసిన పని లేదు. వల అల్లడం ఆమె నేర్చుకున్నది ఆ చేతుల దగ్గరే. భర్త పక్కన పడి ఉన్న స్పానరు తీసుకుంది.

"ఏ నట్టు?" అని మాత్రం అడిగింది.

అతడు చూపించాడు, ఆమె తిప్పింది. ఒక్కొక్క నట్టు కీచుమంటూ వదిలింది. మూత లేచింది. లోపల నూనె. ఎండిపోలేదు, ఇంకిపోలేదు, తేనె రంగులో నిలకడగా, పాత్రలో దాచినట్టుగా నిలిచి ఉంది. గోవిందు గుడ్డతో అద్దాడు. నూనె కింద పిస్టన్ మెరిసింది.

ఎన్నో ఇంజన్లు విప్పిన మనిషి అతడు. తుప్పు ముందు, పాచి ముందు, కాలం ముందు ఇనుము ఎలా ఓడిపోతుందో అతనికి తెలుసు. బయట చక్రం మన్నయిపోయింది, చాసీ మన్నయిపోయింది, వాటిని తోసిన మనిషీ మన్నయిపోయాడు. ఆ మన్ను నడుమ, అరచేతిలో పట్టేంత చోటును మాత్రం సముద్రం ముట్టుకోలేదు. ముట్టుకోనివ్వలేదు ఒక చెయ్యి. తాను ఎన్నడూ చూడని మామ ఇప్పుడే చేతులు కడుక్కుని పక్కకు వెళ్ళినట్టు అనిపించి, గోవిందు తెలియకుండానే చెప్పులు విప్పాడు. మెరిసే ఆ గుండ్రంలో రాణి ముఖం కనబడింది. ఆమె ఎంతో సేపు వంగి చూసుకుంది.

అమావాస్యకు పాత ఇనుమువాడు వచ్చాడు. రాణి అతనికి తుప్పు చక్రాలు వేసి, విరిగిన గొట్టం వేసి, పంపించేసింది. ఇంజను అడిగాడు. "అది అమ్మేది కాదు," అంది.

చెయ్యి మానాక పని సాగింది. టెక్కలిలో ఒక షెడ్డు వెనుక ఎండకు ఎండుతున్న పాత చాసీ దొరికింది. దానికి చక్రాలు కూర్చాడు, పలాస నుంచి వైర్లు తెచ్చాడు, చాసీతో వచ్చిన ట్యాంకుకు సొట్టలు తీశాడు. ఇంజను పట్టే చోట పాత బిగింపులు కుదరకపోతే కొత్తవి చేయించాడు. వెనుక సీటు తీసేసి, చేపల పెట్టె ఒదిగేలా ఇనుప చట్రం అతికాడు. రంగు దగ్గర ఆగి రాణిని అడిగితే, అయ్య పడవకు వేసిన రంగే వెయ్యమంది: నీలం, నీలం మీద పసుపు గీత.

"బావా, ఇది బండా, బోటా?" అన్నాడు సుమన్ చుట్టూ తిరిగి. "లంగరు మర్సిపోనావు."

"నువ్వున్నావు గదరా, కట్టెత్తాను," అన్నాడు గోవిందు.

బండిని స్టార్టు చేసే రోజు పొద్దు ఎక్కుతుండగా చుట్టుపక్కల వాళ్ళు మూగారు. దేముడమ్మ ట్యాంకుకు పసుపు రాసి బొట్టు పెట్టింది. గోవిందు కిక్కు కొట్టాడు. ఇంజను ఒకసారి మూలిగి ఊరుకుంది. మళ్ళీ కొట్టాడు, మూలుగైనా లేదు. ప్లగ్గు తీసి తుడిచాడు, పెట్రోలు చూశాడు, చెమట తుడుచుకున్నాడు, కొట్టాడు. సుమన్ కూడా నవ్వడం మానేశాడు.

"అలా కొడితే లెగుద్దేటి?" అంది దేముడమ్మ. "పడుకున్నదాన్ని పిలవాల గదా. నిషేధం అయినాక ఎవులు పిలిసేవోరు మనింట్లో?"

అందరూ రాణి వైపు చూశారు. చిన్నప్పుడు బోటు ఇంజను ముందు ఆమెను నిలబెట్టి పిలిపించేవాడు బైరాగి. ఆడపిల్ల పిలిస్తేనే లేస్తుందని. ఆమె సిగ్గుపడింది. కదలదేమో అనుకున్నాడు గోవిందు. కదిలింది. బండి పక్కకు వచ్చి, పసుపు ఆరని ట్యాంకు మీద అరచెయ్యి ఆనించింది. వంగింది. చెవిలో చెప్పినట్టుగా, సరుగుడు ఆకుల రొదలో దాదాపు వినబడనంత మెల్లగా అంది:

"లెగు."

గోవిందు కాలు దించాడు. ఇంజను దగ్గింది. నూనె పొగ గుప్పుమని తెల్లగా లేచింది. ఇసుక అడుగున ఏళ్ళకేళ్ళు పీల్చి ఉంచుకున్న ఊపిరంతా ఒక్కసారిగా వదిలినట్టుంది. తరువాత శబ్దం నిలకడపడింది. ఆ శబ్దం ఎరిగిన ముసలివాళ్ళు ఇళ్ళలోంచి బయటికి వచ్చారు. ఎవరో తలపాగా తీశారు. గోవిందు యాక్సిలరేటరు మెల్లగా తిప్పాడు. ట్యాంకు అదురుతోంది. ఆ అదురు రాణి అరచేతిలోంచి మోచేతికి, మోచేతి నుంచి భుజానికి, అక్కడి నుంచి ముఖంలోకి ఎక్కడం అతనికి కనిపించింది.

ఆమె చెయ్యి తియ్యలేదు. కళ్ళు తుడుచుకోలేదు. తల్లి వైపు తిరిగి, చల్లారిన కూర గిన్నె మళ్ళీ పొయ్యి మీద పెట్టేటప్పుడు అనే మాటలా అంది:

"మా అయ్యకి ఎప్పుడూ ఆలీసమేనే."