ఇద్దరికే వంట

శౌరయ్య ఉల్లిపాయ తరుగుతున్నాడు. ఒక్కటే ఉల్లిపాయ. ఆ చెయ్యి రెండోదాని మీదకు వెళ్తుందేమోనని దానమ్మ పీట మీద కూర్చుని కాపలా కాస్తోంది.

పాతికేళ్ళు మిలిటరీలో వంటచేసిన మనిషి. జమ్మూ చలిలో, సిక్కిం మంచులో కంపెనీ మొత్తానికి వండిన చెయ్యి అది. హవల్దారుగా రిటైరై హనుమాన్ జంక్షన్ వచ్చాక కూడా దానికి ఇద్దరి కొలత పట్టుబడలేదు. ఉప్మా చేస్తే వీధికంతా సరిపోయేది. ఇరుగుపొరుగును పిలవడానికే ఎక్కువ వండుతాడని దానమ్మ అనుమానం. చర్చి గుడిలో పండగొస్తే ఇక చెప్పక్కర్లేదు, గుండిగల దగ్గర ఆయనే. ఆయన సరిహద్దులో ఉన్నన్నాళ్ళూ ఆమె కూతురితో ఒంటరిగా తింది. వచ్చాక ఊరితో కలిసి తింది. మొగుడూ పెళ్ళాం ఎదురుబొదురుగా ఇద్దరే కూర్చుని తిన్న పూట ఆమెకు గుర్తులేదు.

అందుకే, యాభయ్యో పెళ్ళిరోజుకి ఏం కావాలని అడిగితే చీర వద్దంది.

"ఒక్క పూట మనిద్దరమే తినాలండి. మీరు ఇద్దరికే వండాలి."

తీరా ఆ రోజు వచ్చేసరికి, పొద్దున్నే పూజకు వెళ్ళినవాడు ఎండెక్కినా రాలేదు. ఎవరెవరిని భోజనానికి పిలుస్తున్నాడోనని ఆమెకు ఒకటే బెంగ. చివరికి నాలుగంటే నాలుగు కొర్రమీను ముక్కలతో వచ్చాడు.

"ఇంతసేపేంటండీ?"

"ఫాదర్‌గారితో మాటల్లో పడ్డానే. చేపల గంగారత్నం నవ్విపోయిందనుకో. ఒంట్లో బాగోలేదా హవల్దారుగారూ అనడిగింది."

పొయ్యి మీద చిన్న మట్టిదాక పెట్టాడు. తెల్లటి గుబురుమీసం, మోచేతి దగ్గర ఎప్పటిదో నూనె చిందిన మచ్చ. పులుసు మరుగుతుంటే గరిటె పెట్టలేదు. ముక్క చెదరకుండా దాకనే గుడ్డతో పట్టుకుని మెల్లిగా తిప్పాడు. తర్వాత వెళ్ళి వీధి తలుపు గడియ వేసి వచ్చాడు. ఆ గడియ చప్పుడికి దానమ్మకు కొత్త పెళ్ళికూతురిలా సిగ్గేసింది.

సిలువ గుర్తు వేసుకుని ఎదురెదురుగా కూర్చున్నారు. పొట్టముక్కలో ముళ్ళు ఏరి ఆమె కంచంలో పెట్టాడు. తింటూ ఉంటే దాక అడుగు కనిపించింది. ఆ ఇంట్లో అదో వింత.

"యాభై ఏళ్ళకి నేర్చుకున్నారు," అంది.

"ఆర్డరు గట్టిగా పడితే నేర్చుకోనా మరి," అని మీసం అదిరేలా నవ్వాడు. ఆమెకు కడుపు, మనసు రెండూ నిండాయి.

"కాస్త నడుం వాలుస్తా. టీ నేనే పెడతాలే," అని వరండాలో మంచం మీద పడుకున్నాడు. ఎండ తగ్గినా లేవకపోతే పోనీలే అని టీ ఆమే పెట్టి తెచ్చింది. పిలిచింది. భుజం తట్టింది. నిద్రలోనే వెళ్ళిపోయాడు. ముఖంలో ఆ నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు.

మర్నాడు తోటి మాజీ సైనికులు పెట్టె మీద జెండా కప్పి సెల్యూట్ చేశారు. ఫాదర్‌గారు ప్రార్థన చెప్పారు. సమాధుల తోట నుంచి వచ్చాక దానమ్మ గోడకు చేరగిలబడింది. విజయవాడ నుంచి వచ్చిన కూతురు శాలిని ఎంత బతిమాలినా మెతుకు ముట్టలేదు.

దీపాలు పెట్టే వేళకి పక్కింటి ఉషశ్రీ కొత్త స్టీలు గిన్నెలో వేడి అన్నం తెచ్చింది. వెనకే ఎదురింటివాళ్ళు చారు తెచ్చారు, అలాంటి గిన్నెలోనే. ఆ తర్వాత పెరుగు, పప్పు. అన్నీ అవే గిన్నెలు.

"ఇవెక్కడివమ్మా?" అంది దానమ్మ.

"మావయ్యగారు ఇచ్చినవేనండి. మీ పెళ్ళిరోజని నిన్న గుడి వెనకాల గుండిగతో చేపల పులుసు వండి, వీధిలో ఇంటికో గిన్నె పంచారు. సాయంత్రం దాకా మీకు చెప్పొద్దన్నారు. ఈ పూట మీకు ఇందులోనే తేవాలనిపించింది మా అందరికీ."

దానమ్మ ఏడుస్తూనే నవ్వింది.

"చూశావా శాలినీ, మీ నాన్న నా మొహం మీదే అబద్ధమాడారు. అదీ ఫాదర్‌గారి పేరు చెప్పి."

వాకిట్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఆమె కంచం దగ్గరికి లాక్కుంది. అన్నం గిన్నె అంచు మీద ఏదో గరుకుగా తగిలితే కొంగుతో తుడిచి దీపం వైపు తిప్పింది. వీధికంతా పంచిన ఆ గిన్నె మీద చుక్కలు చుక్కలుగా కొట్టించినవి రెండే పేర్లు: శౌరయ్య, దానమ్మ.