తొమ్మిదో సూచన

జనగామలో దామోదర్ సారు నడిపే నెలపత్రిక చివరి పేజీలో రచయితలకు తొమ్మిది సూచనలు ఉండేవి. చంద్రికి అవి ఎక్కాల్లా నోటికొచ్చు. కాగితానికి ఒక పక్కనే రాయాలి. రచన మీద పేరు ఉండకూడదు. పేరు, ఊరు, 'ఇది నా సొంత రచన' అన్న మాట హామీపత్రంలో విడిగా రాసి పంపాలి. పత్రిక శైలికి తగ్గట్టు మార్చే హక్కు సంపాదకుడిది. ఇక తొమ్మిదోది: ఒకసారి అచ్చయిన రచనను వెనక్కి తీసుకోవడం కుదరదు.

ఆ సూచనలను చంద్రి అంత భక్తిగా పాటించిన మనిషి ఇంకొకరు లేరు. అదే ఆమె కొంప ముంచింది.

రెండువేల పదకొండులో తెలంగాణ కోసం జరిగిన రైలురోకోలో ఆమె తండ్రి లక్ష్మా పోయాడు. పాలకుర్తి దగ్గరి తండా నుంచి నడిచి వెళ్లి, స్టేషన్ ఘన్‌పూర్ పట్టాల మీద పొద్దంతా కూర్చున్నాడు. తల తిరుగుతోందని తువ్వాల తలకింద పెట్టుకుని ఒరిగాడు. "రైలొస్తే లేపుండ్రి" అన్నాడు. మళ్లీ లేవలేదు. ఎండదెబ్బ అన్నారు దవాఖానలో. చంద్రి పదిరోజులు ఏడ్చి, పదకొండో రోజు కూర్చుని అదంతా రాసి పంపింది. తండ్రిని ఇంట్లో లంబాడీ మాటలో పిలిచినట్టే 'బా' అని రాసింది.

రెండు నెలలకు అచ్చయింది. శీర్షిక 'మా నాయిన'. కింద పేరు దామోదర్.

తండా పోయి ఊరొచ్చింది. బా పోయి నాయిన వచ్చాడు. "రైలొస్తే లేపుండ్రి" పోయి "జై తెలంగాణ" వచ్చింది. దామోదర్ కన్నతండ్రి ఎప్పుడో కాటారంలో మంచాన పడి పోయాడు. అంత దూరం పోయి అడిగేదెవరు?

చంద్రి పత్రిక ఆఫీసుకు పోయింది.

"సార్, గిది మా బా కత."

"నీదని ఏంది సాక్ష్యం? హామీపత్రం ఉన్నదా?"

"కతతోనే పంపిన గద సార్!"

"నా ఫైలుల లేదు. అచ్చయినంక కాగితాలు ఉంచం, కాలబెడ్తం. హామీపత్రం లేని రచన ఎవలదీ కాదు. అయినా మీ తండా రాతను నేను దిద్దితేనే గద గింతమంది సదివిండ్రు. సంతోషపడు."

దొంగతనం చేసి దానికో శైలి అని పేరు పెట్టుకున్న మనిషిని ఆమె అదే మొదటిసారి చూడడం. తిరుగు బస్సులో ఏడవలేదు. ఏడుపంతా బా కోసం అయిపోయింది, వీడికి మిగల్లేదు.

మానుకోట సభలో దామోదర్‌కు శాలువా కప్పారు. అమరుడి కొడుకన్నారు. తడి లేని కళ్లు తుడుచుకుంటున్న అతన్ని చంద్రి జనంలోంచి చూసింది. మొహానికి నవ్వు పులుముకుని వేదిక దగ్గరికి పోయి చేతులు జోడించింది.

"తప్పయింది సార్. నాకు పేరెందుకు? నేను రాసి పంపుత, మీరు దిద్దుకోండ్రి. జనం సదివితే సాలు."

దామోదర్ కరిగిపోయాడు. అప్పనంగా వచ్చేది ఎవడికి చేదు?

ఆ ఏడే మళ్లీ రైలురోకో జరిగింది. ఎవరో సిగ్నల్ తీగలు కోశారు. గుర్తుతెలియని వ్యక్తుల మీద కేసు పడింది. చంద్రి ఆ ఛాయలకే పోలేదు. ఇంట్లో కూర్చుని, 'ఆ తీగలు కోసింది నేనే' అని మొదలుపెట్టి, కటింగ్ ప్లేయరు పట్టిన చేతికి లేచిన బొబ్బలతో సహా కల్పించి రాసింది. కాగితానికి ఒక పక్కనే రాసింది. పేరు రాయలేదు. హామీపత్రం మాత్రం పెట్టలేదు.

ఆ రోజుల్లో కేసు లేని లీడరు లీడరే కాదు. ఎట్లాగూ కేసులన్నీ ఎత్తేస్తారని దామోదర్‌కు ధీమా. 'నా స్వానుభవం' అని పైన చేర్చి, ఫోటోతో సహా వేసుకున్నాడు. శాలువాల వాళ్లే కాదు, రైల్వే పోలీసులు కూడా చదివారు.

నోటీసు అందిన మర్నాడే పాలకుర్తిలో ఆటో కట్టించుకుని, తేలు కుట్టిన దొంగలా తండాలో దిగాడు. అతను సర్కారు కాలేజీలో లెక్చరరు.

"చెల్లె, గది నువ్వు రాసిన కతని వాళ్లకు చెప్పు. నా నౌకరి పోతది."

"ముందు మా బా సంగతి తేల్చుండ్రి సార్," అని చంద్రి తెల్లకాగితం ముందు పెట్టింది. "ఒక పక్కనే రాయుండ్రి."

అతను రాశాడు. 'ఆ తండ్రి నా తండ్రి కాడు. ఆ కథ లక్ష్మా బిడ్డ చంద్రిది. లక్ష్మా చివరి మాట, రైలొస్తే లేపుండ్రి.' కింద సంతకం పెట్టాడు. చంద్రికి జాలి కలగలేదు. కాగితం రెండుసార్లు చదివి, మడిచి, బా పటం వెనక పెట్టింది.

"ఇగ పోదాం పా," అని దామోదర్ లేచాడు.

"ఎక్కడికి సార్? బా కతకు హామీపత్రం వచ్చింది. రెండోదానికి నా హామీపత్రం మీ ఫైలుల ఉన్నదా?"

"నీ చేతిరాతే గదనే!"

"కాగితాలు చూపెట్టుండ్రి మరి."

కాగితాలు ఎప్పుడో కాలిపోయాయి.

చంద్రి పత్రిక తెచ్చి చివరి పేజీ తీసింది. తొమ్మిదో సూచన మీద వేలు పెట్టి చదవమంది. అతను పత్రికను పక్కకు తోశాడు. సరే అని తనే చదివింది, నిదానంగా, గట్టిగా, పటంలో ఉన్న బాకు కూడా వినబడేటట్టు.