ఎడమకి పూర్తిగా తిప్పొద్దు

మా అన్నయ్య నా కుడి భుజం విరిచింది కిందటి వేసవిలో. తను చేసిన గేటు చూసుకోవడానికి వచ్చిన మనిషి ముందు, అది ఒక పక్కకి ఒరిగిందని నేను నోరు జారాను. ఆ మనిషి వెళ్లేదాకా అన్నయ్య నవ్వుతూనే ఉన్నాడు. వెళ్లాక నా కాలర్ పట్టి లేపి, ఇనుము సాగగొట్టే దాగలి మీదకి విసిరాడు. ఆసుపత్రికి మోసుకెళ్లిందీ, మంచం పక్కన కూర్చుని ఏడ్చిందీ కూడా తనే.

ఎముక అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. చెయ్యి ముందుకి చాచి కాసేపు ఉంచితే మెడ నుంచి వేళ్ల దాకా మంట, ఆపైన తిమ్మిరి.

మా ఇంట్లో డిగ్రీ చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. అన్నయ్య వెల్డింగ్ చేసి చదివించాడు. అందుకే నన్ను పేరు పెట్టి పిలవడు, 'డిగ్రీ' అంటాడు. మోటార్‌సైకిళ్ల మీద దూరప్రయాణాలు చేసే బృందాలకి దారి చూపించే కంపెనీలో గైడు ఉద్యోగం ఒకటి నాకు దొరికేలా ఉంది. మర్నాడు ఆ కంపెనీ పెద్ద గైడు పక్కన పొద్దు గుంకేదాకా బండి నడిపి చూపించాలి. మధ్యలో చెయ్యి పడిపోతే ఉద్యోగం లేనట్టే.

నా బండి హ్యాండిల్ బాగా కిందికి, ముందుకి ఉంటుంది. దాన్ని అందుకోవాలని వంగితే ఒంటి బరువంతా భుజాల మీదే. కాబట్టి హ్యాండిల్ మార్చాలి, కింద రైజర్లు పెట్టి ఎత్తాలి. రైజర్ అంటే పెద్ద విద్యేం కాదు, హ్యాండిల్‌ని పైకి లేపే అల్యూమినియం దిమ్మ. తెలిసిన షాపువాడు పొడుగువీ పొట్టివీ రెండు జతలు, మూడు రకాల హ్యాండిళ్లు ఇచ్చి, సరిపోనివి వెనక్కి తెమ్మన్నాడు.

ఆ ముందురోజు మధ్యాహ్నం అన్నయ్య గేటు బిగించడానికి ఎక్కడికో వెళ్లాడు. వదినా నేనూ బండిని వెల్డింగ్ షెడ్డులో గోడ పక్కన నిలబెట్టాం. నేను కళ్లు మూసుకుని, నడుము నిటారుగా పెట్టి, మోచేతులు కాస్త వంచి, నొప్పి లేనిచోట గాల్లో పిడికిళ్లు బిగించాను. ఆ ఎత్తులో వదిన గోడ మీద సుద్దతో గీత గీసింది. హ్యాండిల్ ఆ గీత దగ్గరికి రావాలి. వెడల్పాటిది పెడితే భుజంలో పోటు లేచింది. తిన్నటిది గీతకి జానెడు దూరంలో ఆగిపోయింది. వెనక్కి వంగినదాన్ని పొడుగు రైజర్ల మీద బిగిస్తే సరిగ్గా గీత మీదకే వచ్చింది. సింహాసనం ఎక్కినట్టున్నావు, కిరీటమే తక్కువ అంది వదిన.

స్టార్ట్ చేసి అటూ ఇటూ తిప్పాను. కుడికి బాగానే ఉంది. ఎడమకి చివరిదాకా తిప్పేసరికి ఇంజను దానంతటదే గయ్యిమంది. హ్యాండిల్ ఎత్తు పెరిగింది గానీ యాక్సిలరేటర్ కేబుల్ పొడవు పెరగలేదుగా. ఎడమకి తిప్పితే బిగుసుకుని లాగేస్తోంది. పొడుగు కేబుల్ ఉందేమో షాపువాణ్ణి అడుగుదామని ఇంజను ఆపి ఫోన్ తీశాను. తల ఎత్తితే గుమ్మంలో అన్నయ్య.

కింద పడున్న హ్యాండిళ్లనీ గోడ మీద గీతనీ చూశాడు.

"ఎక్కడికిరా డిగ్రీ, ఇంత సుఖంగా కూర్చుని?"

చెప్పాను. మొదటి దెబ్బకి మూతి పగిలింది. రెండోది విరిగిన భుజం మీదే వేశాడు, తెలిసే వేశాడు. నిన్ను చదివించింది రోడ్లు పట్టుకు తిరగడానికా, ఈ పొగలో నేనొక్కణ్ణే చావాలా అంటూ కొడుతూనే ఉన్నాడు. అడ్డం వచ్చిన వదినని ఒక్క తోపు తోశాడు. ఆమె రంగు డబ్బాల మీద పడింది.

నా చేతికి పాత హ్యాండిల్ దొరికింది. ఉక్కు గొట్టం. జీవితంలో మొదటిసారి అన్నయ్యని కొట్టాను, మోకాలి మీద. వెంటనే పక్కటెముకల మీద. చెయ్యి ఆగలేదు, ఆపాలనీ అనిపించలేదు. అన్నయ్య నన్ను ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చూశాడు. ఆ గొట్టమే లాక్కుని నా వీపు మీద బాదాడు. బోర్లా పడ్డాను.

"బండి ఉంటేనే కదా పోతావు" అంటూ బండెక్కి స్టార్ట్ చేశాడు. వీధి చివర పాత ఇనుము కొట్టులో తూకానికి వేసేస్తాడట. తాళంచెవి దానికే ఉంది. షెడ్డులోంచి బయటికి పోవాలంటే ఎడమకి తిప్పి తీరాలి. ఆ పక్కనే గోడకి ఆనించి సగం చేసిన గేటు ఉంది, పైన వరసగా ఈటె మొనలతో.

నేను నోరు మూసుకుని ఉండొచ్చు. నోట్లో రక్తం ఉమ్మేసి చెప్పాను.

"అన్నయ్యా, ఎడమకి పూర్తిగా తిప్పొద్దు."

"ఇప్పుడు నాకు బండి నడపడం నేర్పుతావా?"

నా కళ్లలోకి చూస్తూనే చివరిదాకా తిప్పి క్లచ్ వదిలాడు.

బండి ఒక్క దూకు దూకింది. గేటుని గుద్ది, అన్నయ్యని కింద వేసుకుని పడింది. ఊగిన గేటు బండి మీదా అతని మీదా కూలింది. ఒక మొన అతని కుడి చేతిలో, మోచేతి పైన దిగి అవతలికి వచ్చింది. హ్యాండిల్ ఎడమకే ఇరుక్కుపోవడంతో ఇంజను హోరు తగ్గలేదు, అన్నయ్య అరుపు అందులో కలిసిపోయింది. తిరుగుతున్న వెనక చక్రం ప్యాంటునీ తొడ చర్మాన్నీ కలిపి చీరేస్తోంది. పాక్కుంటూ వెళ్లి స్విచ్ ఆపాను.

మొనని బయటికి లాగబోతే వదిన నా చెయ్యి పట్టుకుంది. లాగితే రక్తం ఆగదంది. అన్నయ్య చేతికి తడిగుడ్డ చుట్టి, కళ్లద్దాలు పెట్టుకుని, గ్రైండర్‌తో ఆ మొన ఉన్న ఊచని గేటు నుంచి కోసింది. నిప్పురవ్వలు అతని మొహం మీద పడుతుంటే నేను అతని తల కదలకుండా పట్టుకుని కూర్చున్నాను. కన్ను తిప్పకుండా నన్నే చూశాడు.

సాయంత్రానికి ఆసుపత్రిలో ఊచ తీసి కట్టు కట్టారు. ఆ చేత్తో చాలాకాలం పని చేయలేడని డాక్టరు చెప్పాడు. రేపు నేను వెళ్లనని వదినకి చెప్పాను. వెల్డింగ్ తనకీ వచ్చునంది. ఆయన చేసేవాటికంటే తిన్నగానే నిలబడతాయి నా గేట్లు అని కూడా అంది, అన్నయ్యకి వినబడేటట్టు.

అన్నయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు. గోడతోనే మాట్లాడాడు.

"పొట్టి రైజర్లు పెట్టు. కేబుల్ సరిపోతుంది. హ్యాండిల్‌ని ఇంకాస్త వెనక్కి వాల్చి బిగించు."

నేను కదల్లేదు.

"పో. మధ్యలో తిరిగొచ్చావో, రెండో భుజం కూడా విరుస్తా."

అది ఉత్తమాట కాదని నాకు తెలుసు. ఇంటికెళ్లి, వంగిన క్లచ్ లివర్‌ని తిన్నగా చేసి, అన్నయ్య చెప్పినట్టే బిగించాను. స్టార్ట్ చేసి ఎడమకి చివరిదాకా తిప్పాను. ఇంజను గొంతు మారలేదు. హ్యాండిల్ మాత్రం సుద్దగీతకి రెండు వేళ్ల కింద ఆగింది. ఆ రెండు వేళ్లూ రేపు నా భుజమే భరించాలి.