లోపలి నుంచి ఒక్క తట్టు

ఏరా అల్లుడూ, ముందు నోరు మూయి, ఈగ దూరుతుంది! నీకంటే పెద్ద వెర్రిబాగులవాళ్ళ కథ చెబుతాను, కాస్త కుదుటపడతావు.

విమానాలు బాగుచేసే షెడ్డులో ఒకాయన ఉండేవాడు. వేళాకోళం మేస్త్రి అనేవారు. పక్కవాడి బూట్లో గ్రీజు పూయందే ఆయనకు అన్నం అరగదు. పనిలో మాత్రం మొనగాడు. రెక్క మీది అల్యూమినియం రేకు చెడకుండా, దాన్ని బిగించిన పాత రివెట్లు ఊడదీయడం ఆయన పని. డ్రిల్లు రివెట్ తలనే తినాలి. వెంట్రుకవాసి ఎక్కువ దిగినా కన్నం సాగుతుంది, అక్కడే రేపు రేకు చీలుతుంది. ఎక్కడ ఆపాలో వేళ్ళకే తెలియాలి.

నలభై ఏళ్ళ డ్రిల్లు అదురుకి ఆ వేళ్ళలో స్పర్శ చచ్చిపోయింది. చొక్కా గుండీలు కూడా పెళ్ళామే పెడుతోంది. "కొత్త పెళ్ళికొడుకునే!" అని నవ్వించి ఆవిడ దగ్గరా దాచాడు. తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది. అయినా ఒక ధైర్యం. రెక్క లోపల, రేకు వంగకుండా ఇనుప దిమ్మె ఆనించి కూర్చునేది సొంత బావమరిది. మేస్త్రి సుత్తి దెబ్బకి రివెట్ కాడ లోపలికి రాలగానే టార్చి వేసి కన్నం చూసి, రేకు మీద తడతాడు. ఒక్క తట్టు బాగున్నట్టు, మూడు చెడినట్టు. ఇన్నాళ్ళూ అన్నీ ఒక్క తట్లే.

ఆ మధ్యాహ్నం మేస్త్రికి కొంటెతనం పుట్టింది. డ్రిల్లు గాలిలో తిప్పి, పక్కనున్న స్టాండు మీద సుత్తితో రెండు వేశాడు. రివెట్ కదలనే లేదు. బావమరిది తిట్లకోసం నోరు నొక్కుకుని చెవి ఒగ్గాడు.

టక్. ఒక్కటే.

మేస్త్రి సుత్తి కింద పడేశాడు. రెక్క కింది కంతలోంచి లోపలికి తల దూర్చాడు.

"ఏం చూసి కొట్టావురా?"

"అరవకు బావా. చూపు మసకేసి చాన్నాళ్ళయింది. నీ చెయ్యి తప్పదు కదా అని..."

"నా చెయ్యా! నా పిండాకూడు చెయ్యి! నీ కళ్ళు చూసుకునే కదరా నేను..."

వాళ్ళు ముందురోజు ముగించిన విమానం అప్పుడు ఆకాశంలో ఉంది.

మేస్త్రి తనిఖీ ఆఫీసరు గదికి పరిగెత్తాడు. "సార్, దాన్ని దింపించండి!"

"ఇవాళ ఎవర్ని ఏడిపిద్దామని?" ఆఫీసరు నవ్వాడు.

మేస్త్రి, బల్ల మీది గుండుసూది తీసి తన వేలిలోకి దించాడు. రక్తం వచ్చింది. మొహం మాత్రం చిట్లించలేదు.

ఆఫీసరు ఫోను అందుకున్నాడు. "నువ్వు చేసింది కదా అని చూడకుండానే సంతకం పెట్టానయ్యా."

ఇందులో మోసపోయిందెవరంటావురా? మేస్త్రీ కాదు, బావమరిదీ కాదు. రెక్క కనబడే కిటికీ సీటుకోసం కొట్లాడి మరీ ఆ విమానం ఎక్కినవాళ్ళు.