పౌడరు కింద గాయం

“పాప స్కూలు బెల్టు ఎక్కడ తగలేశావ్?”

ఒక కాలు గుర్రం రికాబులో, ఒక కాలు నేలమీద ఉండగా ఫోన్ చేసి మా ఆయన అడిగిన మాట ఇది. దేశం దాటి వచ్చి నాలుగు నెలలైంది. అయినా ఆ ఇంట్లో కనపడకుండా పోయిన ప్రతి వస్తువూ నా జేబులోనే ఉంటుందని వాళ్ళ నమ్మకం. రెండో అరలో సాక్సుల డబ్బా వెనకాల చూడండి అన్నాను. అక్కడే ఉంది. అంతటితో పెట్టేస్తే పోయేది. నోరు ఊరుకోక, నిన్న పంపిన వీడియో చూశారా అని అడిగాను. “ఆఁ, చూశాం. గుర్రం భలే చేస్తోందే! నువ్వు కూర్చోవడమేగా” అన్నాడు. వెనక నుంచి మా అత్తయ్య, “ఇంట్లో కూర్చోలేక అంత దూరం వెళ్ళి కూర్చుంది మహాతల్లి” అంది. ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానో నాకే తెలీదు. అలవాటు.

నేను నేర్చుకునేది డ్రెస్సాజ్. గుర్రాన్ని పరిగెత్తించడం కాదు, దూకించడం కాదు. గీత గీసినట్టు నడిపించడం, ఉన్నచోటే తిప్పడం, పక్కకు అడుగులు వేయించడం. పైనున్న మనిషి నడుముతో, పిక్కలతో, వేళ్ళ కొసలతో గుర్రానికి చెబుతూనే ఉండాలి, చెబుతున్నట్టు మాత్రం ఎవరికీ కనపడకూడదు. కనపడితే మార్కులు పోతాయి. మొదటిరోజు మా కోచ్ ఈ ముక్క చెప్పినప్పుడు నాకు లోపల నవ్వొచ్చింది. పదకొండేళ్ళ కాపురంలో నేను చేసింది ఇంకేమిటి? ఇల్లు దానంతటదే తుడుచుకున్నట్టు, వంట దానంతటదే అయినట్టు, రోజంతా రైడింగ్ స్కూల్లో పిల్లలకు నేర్పి రావడం నేను షికారుకెళ్ళి వచ్చినట్టు. ఈ విద్యలో నాకు అప్పటికే డాక్టరేటు ఉంది, ఎవరూ ఇవ్వలేదంతే.

కోచ్‌కి అరవై దాటాయి. ముగ్గురు ఛాంపియన్లను తయారుచేసిన మనిషి. పాఠం నలభై అయిదు నిమిషాలు. నలభై ఆరో నిమిషంలో మాట మధ్యలో ఆపేసి వెళ్ళిపోతాడు కాబట్టి నేను మనసులో గడియారంగారు అని పేరు పెట్టుకున్నాను. ఆయన లాయంలో ఒకటే నియమం. గుర్రం ఒంటిమీద రక్తం చుక్క కనపడిందా, దానికి కారణమైనవాళ్ళు పెట్టె సర్దుకోవాల్సిందే. మూడు వారాల్లో పోటీ ఉంది. అందులో నిలబడితే ఇంకో ఏడాది నేర్పుతానన్నాడు. నాకు ముప్ఫై ఆరేళ్ళు. ఇలాంటి అవకాశం మళ్ళీ వస్తుందని నన్ను నేను మభ్యపెట్టుకునే వయసు కాదు.

ఫోన్ పెట్టేసి తెల్లగుర్రం ఎక్కాను. కోచ్ ఇంకా రాలేదు. ఒంటరిగా వార్మప్ చేస్తున్నాను. ఎడమవైపు అడుగు వెయ్యమంటే వెయ్యలేదు. రెండోసారీ వెయ్యలేదు. మామూలు రోజైతే తప్పు నా కూర్చోవడంలో ఉందేమో చూసుకునేదాన్ని. ఆరోజు చెవిలో ఆ నవ్వే మోగుతోంది. బూటు మడమకు స్పర్ అని చిన్న ఇనప ముల్లుంటుంది. దాన్ని తాకించాలి, అంతే. నేను పొడిచాను. మూడుసార్లు. గుర్రం ఉలిక్కిపడింది, చెవులు వెనక్కి వాల్చింది, ఆపైన ఆ అడుగు ఎంత చక్కగా వేసిందంటే, అప్పుడే గేటు తీసుకుని లోపలికొస్తున్న కోచ్ ఆగిపోయి, “శభాష్! ఇదీ నేను అడుగుతున్నది!” అన్నాడు. నాలుగు నెలల్లో మొదటి శభాష్. సంతోషపడ్డాను కూడా. దాచడమెందుకు.

దిగాక చూశాను. డొక్క మీద కందిగింజంత ఎరుపు. తెల్లటి ఒళ్ళు కదా, నన్ను చూడు అన్నట్టు ఉంది. అటూ ఇటూ చూశాను. పోటీలప్పుడు కాళ్ళ మీద మరకలు కనపడకుండా గుర్రాలకు తెల్ల పౌడరు రాస్తారు. ఆ డబ్బా తెచ్చి, పసిపిల్లకు అద్దినట్టు మెల్లగా అద్దాను. అది కదల్లేదు. మెడ తిప్పి నా భుజం వాసన చూసి ఊరుకుంది.

మర్నాడు ఒళ్ళు కడిగిస్తుంటే గాయం బయటపడింది. గుర్రాల్ని చూసుకునే పెద్దావిడ, అంతకు రెండు రోజుల ముందే మిషన్‌తో దాని బొచ్చు కత్తిరించింది. మిషన్ బ్లేడు తగిలిందని కోచ్ తేల్చేశాడు. ఆవిడ ఇరవై రెండేళ్ళుగా అక్కడే పనిచేస్తున్న మనిషి. నన్ను అమ్మాయ్ అని పిలుస్తుంది. వచ్చిన కొత్తలో నేను జ్వరంతో పడుంటే మూడు రోజులు నా బూట్లు తనే తుడిచిపెట్టింది. ఆవిడ వాదిస్తుందనుకున్నాను. తన చేతుల వంక చూసుకుంది. “నా చెయ్యే జారి ఉంటుంది సార్. ఈమధ్య కాస్త వణుకుతోంది” అంది.

“శనివారం దాకా ఉండు” అన్నాడు కోచ్.

నేను రెండడుగుల దూరంలో కళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నాను.

ఆవిడ అన్న మాట నాకు కొత్త కాదు. మా ఇంట్లో అది నా మాట. ఆయన ఆఫీసు కాగితాలు పోతే, “నేనే ఎక్కడో పెట్టి ఉంటానండీ” అనేదాన్ని. అత్తయ్య కళ్ళజోడు మీద ఆవిడే కూర్చుని విరిగితే, “అక్కడ పెట్టింది నేనేనేమో అత్తయ్యా” అనేదాన్ని. అన్నప్పుడల్లా ఎదుటివాళ్ళ మొహం తేటపడటం చూసేదాన్ని. అలా ఒక ఆడమనిషి తనంతట తాను తప్పు నెత్తిన వేసుకుంటుంటే వినడానికి ఎంత హాయిగా ఉంటుందో ఆరోజే తెలిసింది. చెప్పడానికి నోరు రావడం లేదు గానీ, హాయిగానే ఉంది. ఊపిరి ఆడింది. ఛీ, అనిపించింది తర్వాత. సిగ్గుతో చచ్చిపోయాను అని ఎన్నోసార్లు అనుకున్నాను జీవితంలో. చుట్టాల ముందు అత్తయ్య నా జీతం గురించి వెటకారమాడినప్పుడు, పాప పుట్టాక నా నడుము చూసి ఆయన నవ్వినప్పుడు. అవన్నీ వాళ్ళు చేసినవి, నేను పడ్డవి. వాటికి నేనెందుకు సిగ్గుపడ్డానో మరి. ఇదొక్కటే నేను చేసింది. రెండు రోజులు ఆవిడ ఎదురొస్తే పక్కదారి పట్టాను.

తట్టుకోలేక మా ఆయనకు చెప్పాను. అంతా విని, “పిచ్చిదానా, ఎవరూ చూడలేదుగా? ఊరుకో. ఆవిడకి ఇంకోచోట దొరుకుతుందిలే పని. నీ పోటీ సంగతి చూసుకో” అన్నాడు. ఎంత ప్రేమగా అన్నాడో! పదకొండేళ్ళలో ఆయన నా పక్షాన మాట్లాడటం అదే మొదటిసారి. ఒళ్ళు జలదరించింది. ఉంటానండీ అని పెట్టేశాను.

శుక్రవారం మధ్యాహ్నం దాణా గదిలోకి వెళ్ళాను. పెద్దావిడ ఒక అట్టముక్క మీద, తన తర్వాత వచ్చేవాళ్ళ కోసం, ఏ గుర్రానికి ఎక్కడ గోకితే ఇష్టమో రాస్తోంది. కోచ్ బస్తాలు చూసుకుంటున్నాడు. గుమ్మంలో నిలబడి చెప్పేశాను. “మిషన్ కాదు సార్. నేను పొడిచాను. పౌడరు రాసి దాచాను. మీరు శభాష్ అన్నారే, అప్పుడు.”

ఆయన నా బూట్ల వంక చూశాడు. “సాయంత్రం లోపల ఖాళీ చెయ్యి” అన్నాడు. వెళ్ళబోతూ ఆవిడతో, “నువ్వు ఉండు” అన్నాడు. క్షమించమని మాత్రం అనలేదు.

ఆవిడ నాకు దండం పెడుతుందని నేనేమీ అనుకోలేదు. పెట్టలేదు కూడా. అట్టముక్క పక్కన పడేసి లేచింది. మొహం ఎర్రగా ఉంది.

“మూడు రోజులు నా చేతుల్ని నేను తిట్టుకున్నాను. తెలుసా నీకు?” అంది. “అసలు ఎందుకు పొడిచావ్ దాన్ని?”

జవాబులు బోలెడున్నాయి. మా ఆయన ఉన్నాడు, అత్తయ్య ఉంది, పదకొండేళ్ళున్నాయి. అన్నీ నిజాలే. వింటే ఆవిడ కరిగిపోయేదేమో కూడా. అవన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. మింగేశాను.

“నేనేం చేసినా అది పడుంటుందని తెలుసు” అన్నాను. “అందుకే.”