బండకాడ ఆగే బస్సు

కండక్టరుకు నోరు గట్టిగా ఉండాలంటారు. నన్నడిగితే మడమలు గట్టిగా ఉండాలి. ఒక చేతిలో టికెట్ల కట్ట, ఇంకో చేతిలో చిల్లర, భుజాన సంచి. కడ్డీ పట్టుకోవడానికి మూడో చెయ్యి దేవుడివ్వలేదు. బస్సు గుంతలో పడి లేచినప్పుడల్లా ఆ బరువంతా మడమే మోయాలి. తొంభై ఎనిమిదిలో నా ఎడమ మడమ ఇక మోయనని మొండికేసింది.

అప్పట్లో మా బస్సు లింగంపల్లి నుంచి కొండాపూర్ మీదుగా మాదాపూర్ వెళ్లేది. దారి పొడుగునా బండలు, సీతాఫలం చెట్లు, మేకలు. ఇప్పటి పిల్లలకు చెబితే నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తారు. మాదాపూర్ ఇంకా రాకముందే, హైటెక్ సిటీ అని ఒక గుండ్రటి భవనం కడుతుండేవారు. అక్కడ స్టాపు లేదు. కానీ లింగంపల్లి స్టేషను పక్క గుడిసెల్లో ఉండే పాలమూరు ఆడకూలీలు ఆ పనికే వెళ్లేవారు. రోడ్డు పక్కన పెద్ద బండ ఒకటుండేది. దాని దగ్గర నేను విజిల్ వేస్తే డ్రైవర్ రాజయ్య బ్రేకు వేసేవాడు. ఎవరైనా రూల్సు మాట్లాడితే, "తట్ట నెత్తిన పెట్టుకొని నువ్వు నడుస్తవా?" అని ఒక్క మాటతో నోరు మూయించేదాన్ని.

మడమ ఎముక కింద ముల్లులా పెరిగిందనీ, ఇక మందులతో లాభం లేదనీ దవాఖానలో కోసి తీసేశారు. కాలికి కట్టుతో గదిలో పడ్డాను. కూర్చుని తినడమంటే నాకు ఒళ్లుమంట. నా భర్త వండితే ఉప్పు లేదని తిట్టాను. ఉప్పేస్తే ఎక్కువైందని తిట్టాను. పాపం, ఆయన డ్యూటీకి పోయినంతసేపే ప్రశాంతంగా ఉండేవాడు.

ఒక ఆదివారం ఆ కూలీల్లో నాకు బాగా చనువైన బాలమ్మ వచ్చింది. కొంగులో జిల్లేడాకులు, చేతిలో ఇటుక.

"ఇటుక కాల్చి, మీద ఆకులేసి మడిమె ఆనించక్కా. మా అత్తకు గిట్లనే తగ్గింది."

"కోసి కుట్లేసిన మడిమెనే తల్లీ. నన్ను సంపుతవా ఏంది?"

ఆమె నవ్వి ఇటుకను పక్కన పెట్టింది.

"కొత్త కండక్టరు బండకాడ ఆపుతలేడక్కా. మాదాపూర్ దాకా తీస్కపోయి దింపుతుండు. నడిచి ఎనకకొచ్చేసరికి మేస్త్రి ఒర్రుతుండు. నువ్వెప్పుడొస్తవు?"

ఆ మాటకు మడమకంటే ఎక్కువగా నా గుండె మండింది. ఆ బస్సు నాది. ఆ బండకాడ దిగేవాళ్లు నావాళ్లు.

కట్టు విప్పగానే కర్ర పట్టుకుని డిపో మేనేజరు దగ్గరికి వెళ్లాను. ఆయన కోస్తా మనిషి, మర్యాదస్తుడు. "ఎందుకండీ భాగ్యమ్మగారూ ఈ అవస్థ? ఆఫీసులో కుర్చీ వేయిస్తాను, కూర్చోండి," అన్నాడు. కుర్చీ అనగానే నా ప్రాణం పోయినట్టయింది. బతిమాలాను, వాదించాను. చివరికి ఒప్పుకున్నాడు. ఒక్క ట్రిప్పు ఎక్కి చూడాలి. మధ్యలో కాలు మొరాయిస్తే మాత్రం ఇక జన్మంతా కుర్చీయే.

ఆ ట్రిప్పు కోసం రాజయ్య సాయంత్రాలు ఆగి ఉన్న ఖాళీ బస్సులో నన్ను నడిపించాడు. నా చెయ్యి కడ్డీ మీదికి పోతే ఊరుకునేవాడు కాదు.

"చేతులు కిందికి, చెల్లె."

"నొస్తుందన్నా."

"నొస్తది. జర ఓపిక పట్టు."

వెనక సీటు దాకా పోయి అక్కడ ఏడ్చేదాన్ని. ముందుకు వచ్చేలోపు కళ్లు తుడుచుకునేదాన్ని.

ఆ రోజు రానే వచ్చింది. తలుపు తీయగానే గుడిసెల ఆడవాళ్లు పొలోమని ఎక్కారు. రోజూ వచ్చేవాళ్లే కాదు, ముసలమ్మలు, చంకన పిల్లలున్నవాళ్లు కూడా. కాలు పెట్టే సందు లేదు. నాకు కోపం, ఏడుపు ఒక్కసారే వచ్చాయి.

"ఇయ్యాలనే ఎక్కాల్నా మీరందరు? వేరే బస్సే లేదా? నేనెట్ల నడవాలె నడుమ?"

"నువ్వెందుకు నడుస్తవక్కా. గాడనే నిలబడు," అంది బాలమ్మ.

చిల్లర చేతులు మారుతూ నా దాకా వచ్చింది. టికెట్లు అలాగే వెనక్కి పోయాయి. గుంత వచ్చినప్పుడల్లా చుట్టూ ఉన్నవాళ్లు భుజాలు ఆనించారు. పడదామన్నా చోటు లేదు. కొండాపూర్ దాటేసరికి మడమలో నిప్పు పోసినట్టుంది. అయినా కూర్చోలేదు. వాళ్లను తిట్టడమూ ఆపలేదు.

బండ దగ్గర విజిల్ వేశాను. ఆ ఆడవాళ్లందరూ దిగారు. కానీ ఒక్కరూ భవనం వైపు పోలేదు. రోడ్డు దాటి, లింగంపల్లికి తిరిగి పోయే బస్సు కోసం అవతల నిలబడ్డారు.

"వీళ్లకేమైందన్నా? గటెందుకు నిలవడ్డరు?" అని రాజయ్యను అడిగాను.

అతను గేరు మార్చి చెప్పాడు.

"ఈడ వాళ్ల పని పోయిన నెలనే అయిపోయింది చెల్లె. ఇప్పుడు తెల్లాపూర్ దిక్కు పోతున్నరు. ఇయ్యాల నువ్వు ఎక్కుతున్నవని చెప్పిన. నువ్వు పడిపోతవేమోనని ఫికరయి, సుట్టూ నిలవడనీకె వచ్చిన్రు."

తెల్లాపూర్ అంటే లింగంపల్లికి అవతల, పూర్తిగా వేరే దిక్కు. ఇక ఆ పూట వాళ్లకు పని దొరకదు. నేను వెనక అద్దంలోంచి చూస్తూ వెక్కి వెక్కి ఏడ్చాను. బస్సులో మిగిలినవాళ్లు ఏమనుకున్నారో నాకు తెలియదు.

మాదాపూర్ దాకా నిలబడే వెళ్లాను. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఆ రూట్లోనే నిలబడ్డాను. వాళ్లలో ఒక్కరు కూడా మళ్లీ నా బస్సెక్కలేదు.