సారు పనిలో ఉన్నారు

మా వంశంలో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. నెలనెలా జీతం వచ్చే ఉద్యోగాన్ని, ఎవరూ పొమ్మనకుండానే వదిలేసిన మొదటివాణ్ణి కూడా నేనే. మొదటి సంగతి నాన్న ఊరందరికీ చెప్పుకున్నాడు. రెండో సంగతి ఊరందరూ వచ్చి నాన్నకు చెప్పి వెళ్లారు.

"చదవేస్తే ఉన్న మతి పోయిందని పెద్దలు ఊరికే అనలేదురా," అన్నాడాయన, నేను రాజీనామా ఇచ్చి వచ్చిన రోజు. ఆ తరవాత కొన్ని రోజులు నాతో మాట్లాడలేదు. గోడతో మాట్లాడేవాడు. గోడ నాకంటే వినయంగా వినేది.

నేను చదివింది ఫ్రిజ్జుల చదువు. చల్లదనం ఎలా పుడుతుంది, గొట్టాల్లో గ్యాసు ఎలా తిరుగుతుంది, తిరగకపోతే ఏం చేయాలి, ఇదీ నా విద్య. ఆ విద్య చూసే కంపెనీవాళ్లు పిలిచి ఉద్యోగం ఇచ్చారు. స్పానరు మాత్రం ఇవ్వలేదు. కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, ఫ్రిజ్జు పాడైందని మొరపెట్టుకునేవాళ్లకు జవాబులు పంపమన్నారు. "మీ ఫిర్యాదు మాకెంతో ముఖ్యం. దయచేసి వేచి ఉండండి." నా పనితనం ఎంత గొప్పదంటే, కొందరు వేచి వేచి విసిగి, మా కంపెనీ ఫ్రిజ్జే ఇంకొకటి కొనుక్కున్నారు. అమ్మకాలు పెంచినందుకు మేనేజరు నన్ను అందరి ముందూ నిలబెట్టి చప్పట్లు కొట్టించాడు. ఆ చప్పట్లు చెవిలో మోగుతూనే ఉండగా రాజీనామా రాశాను.

"ఏమయ్యా, నీ కుర్చీ నెలాఖరు దాకా ఖాళీగానే ఉంచుతాలే," అన్నాడు మేనేజరు, చిన్నపిల్లవాడు అలిగితే అన్నం మూతపెట్టి ఉంచినట్టు. "బయట ఎండ ఎలా ఉందో చూసి వచ్చెయ్."

మా ఆవిడ ఆసుపత్రిలో నర్సు. రోజంతా రోగులతో వేగి వచ్చే మనిషి కనుక ఆమె మాటలో చక్కెర తక్కువ.

"సొంతంగా రిపేర్ల పని పెట్టుకుంటానంటే నేనెందుకు వద్దంటాను? నా జీతంతో ఇల్లు గడుస్తుంది. మీ పౌరుషం గడుస్తుందో లేదో మాత్రం చెప్పలేను," అంది. "నెలాఖరు దాకా చూడండి. ఒక్క మనిషి కూడా గుమ్మం తొక్కకపోతే, మీరే బుద్ధిగా ఆ కుర్చీలోకి వెళ్లిపోవాలి. మాటేనా?"

"మాటే," అన్నాను. మాట ఇవ్వడానికి ఏ పెట్టుబడీ అక్కర్లేదు కదా.

వరండాలో బల్ల వేసుకుని, గోడకు బోర్డు తగిలించుకుని కూర్చుందామన్నది నా ఆలోచన. బల్ల మోసుకొస్తుంటే నాన్న గోడతో మాట్లాడటం ఆపి, నా వైపు తిరిగాడు.

"వరండాలో కూర్చుంటావా? దారిన పోయేవాళ్లందరికీ కనబడుతూనా?"

"కనబడితేనే కదా నాన్నా, ఎవరైనా వచ్చేది?"

"కనబడేవాడి దగ్గరికి ఎవడొస్తాడ్రా పిచ్చోడా? పెద్దమనిషన్నాక దొరకకూడదు. మా సారును చూడ్డానికి జనం తెల్లారకముందే వచ్చి కూర్చునేవాళ్లు. ఎందుకనుకున్నావ్? కనబడడు గనక!"

ఇక్కడ నాన్న ఉద్యోగం సంగతి చెప్పాలి. ఆయన ఒక పెద్ద ఆఫీసులో, పెద్ద అధికారి గది తలుపు పక్కన, స్టూలు మీద జీవితమంతా కూర్చున్న బంట్రోతు. లోపల మనిషి ఉన్నా లేకున్నా బయట భయం మాత్రం ఉండేలా చూడటం ఆయన విద్య. అరిచే కాంట్రాక్టర్లనూ, ఏడ్చే పిల్లలనూ ఒకే చూపుతో బెంచీకి అంటించేవాడట. రిటైరయ్యాక ఆ చూపుకు పని లేకుండా పోయింది. కొన్నాళ్లు పాలవాడి మీద వాడాడు. పాలవాడు వీధి మార్చుకున్నాడు.

అలాంటి నాన్న నాతో మాట్లాడాడు. ముఖంలో వెలుగుతో మాట్లాడాడు. ఇంటికి మొదటి గ్రాడ్యుయేటును కదా, ఆ వెలుగు చూసి కాదనలేకపోయాను. ఆఫీసు ఎలా ఉండాలో ఆయనకే వదిలేశాను.

ఆయన నన్ను వెనక గదిలో పెట్టాడు. గుమ్మానికి ఆకుపచ్చ తెర కట్టాడు. మధ్య గది తలుపు మూశాడు. వరండాలో ఒక బెంచీ, ఒక నీళ్ల కుండ, తన పాత స్టూలు వేయించాడు. బోర్డు మీద నా ఫోన్ నంబరు రాయించబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"ఆఫీసరు నంబరు వీధిలో రాస్తారుట్రా ఎవరైనా? నాది రాయించు. ముఖ్యమైనవి నేను చెప్తా."

అలా నా స్వతంత్ర జీవితం మొదలైంది. పొద్దున్నే వంటింటి వైపు నుంచి వెనక గదిలోకి వెళ్లేవాణ్ణి. ఎవరో పారేస్తే తెచ్చుకున్న పాత కంప్రెసరు ఒకటి బాగుచేసి, పరీక్షకని రోజంతా తిప్పుతూ ఉండేవాణ్ణి. దాని రొదలో పిడుగు పడ్డా వినబడదు. రాగి గొట్టాలు తుడిచేవాణ్ణి. స్పానర్లు చిన్న నుంచి పెద్దకు పేర్చి, మళ్లీ పెద్ద నుంచి చిన్నకు పేర్చేవాణ్ణి. ఇక చేసేది లేక మా ఇంటి ఫ్రిజ్జును విప్పేవాణ్ణి. ఆ నెలలో దానికి జరిగినంత వైద్యం ఏ మహారాజుకూ జరిగి ఉండదు. ఒక్క మనిషి కూడా రాలేదు.

సాయంత్రం బయటికి వచ్చేసరికి వరండా నిర్మానుష్యంగా, బెంచీ అద్దంలా తుడిచి ఉండేది.

"ఎవరైనా వచ్చారా నాన్నా?"

"అవన్నీ నేను చూసుకుంటున్నా కదరా. నువ్వు నీ పని చూసుకో."

పాపం, నన్ను ఓదారుస్తున్నాడనుకునేవాణ్ణి.

"ఇవాళ ఎంతమందిని తరిమేశారు?" అని మా ఆవిడ రోజూ అన్నం పెడుతూ వేళాకోళం చేసేది. నేను తల వంచుకునేవాణ్ణి. నాన్న మాత్రం గొంతు సవరించుకుని, తృప్తిగా మంచినీళ్లు తాగేవాడు.

నెలాఖరు రానే వచ్చింది. పొద్దున్నే మేనేజరు ఫోన్.

"ఏమయ్యా, ఎండ చూశావా? భోజనాల వేళ లోపు వస్తున్నానని ఒక్క మాట చెప్పు. లేకపోతే నీ కుర్చీలో మా బావమరిది కొడుకును కూర్చోబెడతా. వాడు నీకంటే బాగా వేచి ఉండమంటాడు."

వెనక గదిలో కూర్చుని చాలాసేపు ఆలోచించాను. ఆలోచించడానికి ఏమీ లేదు. మాట ఇచ్చాను, గుమ్మం ఎవరూ తొక్కలేదు. "వస్తున్నా సార్" అనే రెండు మాటల్ని నోట్లో నాలుగైదు రకాలుగా అని చూసుకున్నాను. ఏ రకంగా అన్నా బంకలా అంగిలికే అతుక్కున్నాయి. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను.

కరెంటు పోయింది.

కంప్రెసరు ఒక్కసారి మూలిగి ఆగిపోయింది. నెల రోజుల్లో మొదటిసారి పగటిపూట ఆ గదిలో నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ఎవరో దగ్గారు. నాన్న దగ్గు కాదు. తరవాత ఇంకెవరో దగ్గారు. ఆ పైన ఒక ఆడగొంతు.

"ఇదేం అన్యాయం పెద్దాయనా? మొన్న వచ్చా, నిన్న వచ్చా, మళ్లీ ఇవాళ!"

"వచ్చారమ్మా, నేను కాదన్నానా? కూర్చోండి. సారు పనిలో ఉన్నారు."

"ఏం పనట?"

"అది మాకు చెప్పరమ్మా."

ఫోన్ బల్ల మీద పడేసి, తెర లాగి, మధ్య గది తలుపు తీశాను. బెంచీ నిండా మనుషులు! ఒకాయన బేకరీ యజమాని, పిండి అంటిన చొక్కాతోనే ఉన్నాడు. పక్కన మందుల షాపాయన, చేతులు కట్టుకుని గురువుగారి ముందు శిష్యుడిలా. చివర పూల కొట్టు ఆవిడ, కాళ్ల దగ్గర బకెట్టు, బకెట్టులో తలలు వాల్చేసిన గులాబీలు.

తలుపు చప్పుడుకు నాన్న చటుక్కున స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. "కరెంటు లేదండి సార్," అన్నాడు. తరవాత నన్ను గుర్తుపట్టాడు.

"నాన్నా, వీళ్లంతా ఎవరు?"

"నీ కోసమేరా. బోర్డు పెట్టిన నాటి నుంచీ ఒక్క పూట బెంచీ ఖాళీ లేదు," అన్నాడు, ఛాతీ కాస్త ముందుకు పెట్టి.

"మరి లోపలికి పంపలేదేం?"

"అడగ్గానే పంపిస్తే నీకు పని లేదనుకోరూ? కొందరు ఆగలేక పోయారనుకో, పోనీ. నిలిచినవాళ్లే మనవాళ్లు."

"అదీ నిజమేలెండి," అన్నాడు బేకరీ ఆయన. "ఇంతసేపు కూర్చోబెడుతున్నారంటే మంచి మెకానిక్కే అయ్యుంటాడని నేనూ ఆగా."

"మీ రొట్టెలు ఆగుతాయేమో, నా పూలు ఆగవు!" పూల కొట్టు ఆవిడ బకెట్టు ఎత్తి నా ముక్కు కింద పెట్టింది. "దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. మూడు రోజులుగా ఈ పూజారిని చూసి, లోపల అసలు దేవుడున్నాడా అని అనుమానం పట్టుకుంది నాకు. చల్లగది పనిచేయట్లేదు బాబూ. రేపు ఇవ్వాల్సిన సరుకంతా అందులోనే ఉంది. వస్తావా, రావా?"

లోపలికి పరిగెత్తి పనిముట్ల సంచి భుజాన వేసుకుని వచ్చాను.

"ఒరేయ్!" నాన్న అడ్డం వచ్చాడు. "సంచి నువ్వే మోస్తావుట్రా? అందరూ చూస్తున్నారు!"

"చూడనీ నాన్నా. నెల రోజులుగా అందుకే కూర్చున్నారు."

బజారులో కరెంటు ఉంది. ఆవిడ కొట్టు వెనక చల్లగది తలుపు తీస్తే, వేడి నీళ్ల స్నానం చేసిన గదిలా వెచ్చగా ఉంది. పెరట్లో ఉన్న మెషిను దగ్గర కూర్చున్నాను. ఎండుటాకులూ, పూరేకులూ, దుమ్మూ కలిసి జాలీని దుప్పటిలా కప్పేశాయి. వెనక ఫ్యాను తిరగడం లేదు. ఫ్యాను తిరగకపోతే కంప్రెసరు వేడెక్కి, ఊపిరాడక ఆగిపోతుంది, చల్లారాక మళ్లీ మొదలెడుతుంది, మళ్లీ ఆగిపోతుంది. పాపం, మూడు రోజులుగా అదీ వేచి ఉంది.

జాలీని బ్రష్షుతో, నీళ్లతో కడిగాను. ఫ్యాను తిరగడానికి ఊతమిచ్చే కెపాసిటర్ ఉబ్బి ఉంటే తీసి కొత్తది బిగిస్తున్నాను. అప్పుడు పక్క హోటల్లో పళ్లేల చప్పుడు మొదలైంది. భోజనాల వేళ.

జేబు తడుముకున్నాను. ఫోన్ ఇంట్లోనే.

"ఏం బాబూ, ఎవరికైనా చేయాలా? నాది తీసుకో," అంది ఆవిడ, తన ఫోన్ చాపుతూ.

మేనేజరు నంబరు నాకు నిద్రలో అడిగినా వచ్చు. ఫోన్ వైపు చూశాను. నా చేతులకు మసి. నూనె. గోళ్లలో గులాబీ రేకుల మురికి. డిగ్రీ పట్టా అందుకున్న నాటి నుంచి నా చేతులు అంత చదువుకున్నవాడి చేతుల్లా ఎప్పుడూ లేవు.

"తరవాత చూద్దామమ్మా. ముందు ఇది తిరగనివ్వండి."

తిరిగింది. కాసేపటికి గదిలోంచి సన్నని చలి పాదాల మీదికి పాకింది. ఆవిడ లోపల నిలబడి, చెంపల మీద చేతులు పెట్టుకుంది.

"ఇంతేనా? ఇంత దానికా నన్ను మూడు రోజులు కూర్చోబెట్టారు? అన్నాళ్లూ లోపల ఏం చేస్తున్నావయ్యా?"

"ఎవరైనా వస్తారేమోనని ఎదురుచూస్తున్నానమ్మా."

ఆవిడ నా వైపు చూసి, అర్థమై, గోడకు ఆనుకుని నవ్వింది. "బయట మేమూ, లోపల నువ్వూ! తండ్రీ కొడుకులు కలిసి ఊరిని బాగానే ఉద్ధరించారు. మా పూల కొట్ల వాళ్లందరికీ చెప్తాలే. నంబరు మాత్రం మీ నాన్నది వద్దు."

బేకరీ ఆయన అప్పటికే నా వెనకాలే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మళ్లీ తప్పిపోతానేమోనని ఆయన భయం. అటు నుంచి అటే ఆయనతో వెళ్లాను. ఇల్లు చేరేసరికి పొద్దుగూకింది. మా ఆవిడ డ్యూటీ నుంచి వచ్చి గడప మీద నిలబడి ఉంది. నా చొక్కా వాలకం చూసి, అడగబోయింది మింగి, ఇంకోటి అడిగింది.

"మేనేజరుకు ఫోన్ చేశారా?"

"లేదు."

"ఆయనే చేశాడు," అన్నాడు నాన్న, స్టూలు మీంచి. "లోపల మోగుతుంటే ఎత్తా."

"ఏమన్నావు నాన్నా?"

"ఏమంటా? సారు పనిలో ఉన్నారన్నా."

"మామయ్యా! ఆయన మేనేజరు!" అంది మా ఆవిడ.

"తెలుసమ్మాయ్. ఆ మాట ఆయనే గట్టిగా అరిచి మరీ చెప్పాడు. అయితే ఏంటంట? ఆయన కంటే ముందొచ్చినవాళ్లు ఉన్నారు. వరస తప్పిస్తే రేపు బెంచీ నా మాట వింటుందా? 'మీ ఫోన్ మాకెంతో ముఖ్యం, దయచేసి వేచి ఉండండి' అన్నా. వీడు కంపెనీలో రాసేవాడు గదా, మాట బాగుందని వాడా. మనిషి ఉడికిపోయాడు. కుర్చీ ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడు."

"మీరేమన్నారు?"

"ఇచ్చుకోండి, మాకు బెంచీయే ఉంది అన్నా."

మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో, తిట్టబోతోందో తెలియలేదు. నేను సంచి దించి, గోడకు చేరగిలబడ్డాను. ఉద్యోగం వదిలినందుకు రోజుల తరబడి గోడతో మాట్లాడిన మనిషి, ఆ ఉద్యోగమే తిరిగి పిలిస్తే వరసలో కూర్చోమన్నాడు.

అప్పుడు వరండా చివర చీకట్లోంచి చిన్న దగ్గు వినిపించింది.

"బాబూ," అన్నాడు మందుల షాపాయన, బెంచీ మీద అలాగే చేతులు కట్టుకుని. "ఫ్రిజ్జులో మందులు పక్క షాపులో పెట్టి వచ్చాలే, తొందరేం లేదు. ఇప్పుడైనా నా వరస వచ్చినట్టేనా?"

నాన్న లేచి నిలబడ్డాడు. చొక్కా సర్దుకుని, నా వైపు తిరిగి, గొంతు బాగా తగ్గించి అడిగాడు.

"పంపమంటావా?"

నేను సంచి మళ్లీ భుజాన వేసుకున్నాను.